దీర్ఘకాలిక మద్దతా, నూతన విడుదలా? – పరిశోధకుల కంప్యూటర్లకు ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపిక

వ్యాస సంగ్రహం:

ఉబుంటు, డెబియన్, ఫెడోరా వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు రెండు రకాల విడుదలలుగా లభిస్తున్నాయి. కొన్ని అనేక సంవత్సరాలపాటు మార్పు లేకుండా నిలిచి, లోపాల సవరణలను మాత్రమే స్వీకరిస్తాయి. మరికొన్ని ఆరు నెలలకొకసారి గాని, నిరంతరంగా గాని కొత్త సాఫ్ట్‌వేర్‌ను అందిస్తాయి. వీటిలో ఏది మేలైనదన్న ప్రశ్నను సాధారణంగా పాతదనానికీ కొత్తదనానికీ మధ్య పోటీగా చూస్తుంటారు. అది ఏ మార్పును ఎప్పుడు, ఎవరి అనుమతితో స్వీకరించాలన్న ప్రశ్న అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఉబుంటు విడుదలల చరిత్రను ప్రధాన ఉదాహరణగా తీసుకొని, పరిశోధన ఫలితాల పునరుత్పాదకత, కళాశాల ప్రయోగశాలల నిర్వహణ, తెలుగు లిపి ప్రదర్శన అనే మూడు కోణాల నుండి ఎంపిక ప్రమాణాలను వివరిస్తుంది.

కీలక పదాలు: దీర్ఘకాలిక మద్దతు విడుదల, మధ్యంతర విడుదల, ఉబుంటు, డెబియన్, భద్రతా సవరణలు, పునరుత్పాదకత, తెలుగు యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్, నిర్ణీత జాబితాలోని ప్రాసెసర్ తప్పనిసరి కావడంతో, చక్కగా పనిచేస్తున్న అనేక కంప్యూటర్లు ఆ అర్హతకు దూరమయ్యాయి. ఇటువంటి కంప్యూటర్లున్న విశ్వవిద్యాలయ శాఖలకూ కళాశాలలకూ లైనక్స్ ఆధారిత వ్యవస్థలు ఒక ప్రత్యామ్నాయం. అయితే అటువైపు అడుగు వేసిన వెంటనే ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఒకే వ్యవస్థకు చెందిన రెండు మూడు విడుదలల్లో దేనిని ఎంచుకోవాలన్నది.

పరిశోధకునికి ఈ ప్రశ్న చిన్నది కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో ప్రకటించిన నిబంధనల ప్రకారం పిహెచ్.డి. కనీస కాలవ్యవధి మూడు సంవత్సరాలు, పునర్నమోదును మినహాయిస్తే గరిష్ఠ కాలవ్యవధి ఆరు సంవత్సరాలు. ఈ కాలమంతటా సేకరించిన దత్తాంశం, గణన ఫలితాలు, సిద్ధాంత గ్రంథపు చిత్తుప్రతులు అన్నీ ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌పైనే ఆధారపడి ఉంటాయి. అది మధ్యలో మారితే ఏమవుతుందో, మారకుండా నిలిచిపోతే ఏమవుతుందో ముందుగానే తెలుసుకోవడం అవసరం.

2. విడుదల విధానాలు – ఉబుంటు ఉదాహరణ:

ఉబుంటు తొలి విడుదల 2004 అక్టోబరులో వెలువడింది. విడుదల సంవత్సరం, నెల కలిపి సంఖ్యగా పెట్టే సంప్రదాయం ప్రకారం దానికి 4.10 అని పేరు. నాటి నుండి ఆరు నెలలకొక విడుదల అనే క్రమం కొనసాగుతున్నది. 2006లో ఈ క్రమానికి ఒక మినహాయింపు వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో రావలసిన విడుదలను మరింత మెరుగుపరచడానికి ఆరు వారాలు వాయిదా వేసి, జూన్‌లో 6.06గా అందించారు. దీర్ఘకాలిక మద్దతు విడుదల, అంటే ఎల్‌టీఎస్ అని పేరు పొందిన తొలి ఉబుంటు అదే. డెస్క్‌టాప్‌కు మూడేళ్లు, సర్వర్‌కు ఐదేళ్లు మద్దతు ఇస్తామన్నది దానితో చేసిన వాగ్దానం.

2008 నుండి సరి సంవత్సరాల ఏప్రిల్‌లో వచ్చే విడుదలలు ఎల్‌టీఎస్‌గా స్థిరపడ్డాయి. 2012లో వెలువడిన 12.04 నుండి డెస్క్‌టాప్‌కు కూడా ఐదేళ్ల మద్దతు లభిస్తున్నది. రెండు ఎల్‌టీఎస్‌ల నడుమ వచ్చే మూడు విడుదలలను మధ్యంతర విడుదలలు అంటారు. వీటికి మొదట 18 నెలల మద్దతు ఉండేది. 2013లోని 13.04 నుండి అది తొమ్మిది నెలలకు తగ్గింది. ఆరు నెలలకొక విడుదల వస్తుంది గనుక, మధ్యంతర విడుదల వాడుకరికి తరువాతి విడుదలకు మారడానికి మిగిలే వ్యవధి మూడు నెలలే.

ఇతర వ్యవస్థల్లో ఇదే భేదం వేరు రూపాల్లో కనిపిస్తుంది. డెబియన్ స్థిర విడుదల సుమారు రెండేళ్లకొకసారి వస్తుంది. 12వ విడుదల 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో వెలువడ్డాయి. ఒక్కొక్క దానికి మూడేళ్ల సాధారణ మద్దతు, ఆపై రెండేళ్ల దీర్ఘకాలిక మద్దతు ఉంటాయి. ఫెడోరా ఆరు నెలలకొక విడుదలతో, సుమారు 13 నెలల మద్దతుతో నడుస్తుంది. ఆర్చ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ వంటి వాటికి విడుదల సంఖ్యలే ఉండవు. కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధమైన కొద్దీ నిరంతరంగా వచ్చి చేరుతుంటుంది.

3. స్థిరత్వం – పదం, అర్థం:

ఈ చర్చలో ఎక్కువ అపార్థానికి గురయ్యే పదం 'స్థిరత్వం'. వాడుకలో దీనికి 'ఆగిపోకుండా, చెడిపోకుండా పనిచేయడం' అనే అర్థం ఉంది. డెబియన్, ఉబుంటు రూపకర్తల పరిభాషలో దీనికి ప్రధానార్థం 'మారకుండా ఉండడం'. ఈ రెండింటికీ సంబంధం ఉన్నా రెండూ ఒకటి కావు. స్థిర విడుదలలో ఒక దోషం ఉంటే, అది భద్రతకు భంగకరమో, తీవ్రమైనదో అయితే తప్ప, ఆ దోషం కూడా స్థిరంగానే ఉండిపోతుంది.

మార్పు లేకుండానే భద్రత ఎలా సాధ్యమవుతుందన్నది తరువాతి ప్రశ్న. కొత్త సాఫ్ట్‌వేర్‌ను యథాతథంగా తీసుకురాకుండా, అందులోని సవరణను మాత్రమే వేరుచేసి పాత సాఫ్ట్‌వేర్‌కు అతికించడం దీనికి మార్గం. 2014 ఏప్రిల్‌లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' అనే లోపం దీనికి మంచి ఉదాహరణ. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సంకేతలేఖన సాఫ్ట్‌వేర్‌కు చెందిన 1.0.1 శ్రేణిలో ఈ లోపం ఉండేది. రూపకర్తలు 1.0.1జి పేరుతో సవరించిన ప్రతిని విడుదల చేశారు. ఉబుంటు 12.04 మాత్రం తన 1.0.1 ప్రతినే ఉంచుకొని, సవరణను దానికి జోడించింది. సంఖ్య మారలేదు, లోపం తొలగిపోయింది. కాబట్టి ఎల్‌టీఎస్‌లో కనిపించే పాత సంఖ్యను చూసి అది రక్షణ లేనిదని నిర్ణయించడం పొరపాటు. అంతకుముందరి ఎల్‌టీఎస్ అయిన 10.04లో మరింత పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉండేది. ఆ లోపం పుట్టకముందటి ప్రతి కావడం వల్ల దానికి ఈ ప్రమాదమే కలగలేదు.

4. మద్దతు పరిధి:

'ఐదేళ్ల మద్దతు' అనగానే కంప్యూటర్‌లోని ప్రతి సాఫ్ట్‌వేర్‌కూ ఐదేళ్లపాటు సవరణలు వస్తాయని భావించడం సహజం. వాస్తవంలో ఈ వాగ్దానానికి హద్దులున్నాయి. ఉబుంటు ప్యాకేజీల భాండారంలో 'మెయిన్', 'యూనివర్స్' అనే విభాగాలు ప్రధానమైనవి. కానానికల్ సంస్థ ఐదేళ్ల భద్రతా సవరణలకు హామీ ఇచ్చేది మెయిన్ విభాగానికే. అంతకంటె ఎంతో పెద్దదైన యూనివర్స్ విభాగంలోని సవరణలు స్వచ్ఛంద కార్యకర్తల శ్రద్ధపై ఆధారపడి వస్తాయి. గణాంక పరిశోధనలో విరివిగా వాడే ఆర్ భాష, క్షేత్రపర్యటనల ధ్వనిముద్రణలను సరిదిద్దే ఆడాసిటీ యూనివర్స్‌కు చెందినవే.

2023 జనవరి నుండి పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చిన 'ఉబుంటు ప్రో' ఈ లోటును కొంతవరకు పూరిస్తున్నది. వ్యక్తిగత వినియోగానికి ఐదు కంప్యూటర్ల వరకు ఇది ఉచితం. దీనిలో నమోదైతే యూనివర్స్ విభాగానికి కూడా భద్రతా సవరణలు లభించడమే కాక, మొత్తం భద్రతా కాలం పదేళ్లకు పెరుగుతుంది. అయితే ఈ సదుపాయం ఎల్‌టీఎస్ విడుదలలకే వర్తిస్తుంది, నమోదు చేసుకున్న కంప్యూటర్లకే అందుతుంది. నమోదు సంగతి తెలియక ఎల్‌టీఎస్ వాడుతున్న పరిశోధకుడు తనకున్న రక్షణను ఎక్కువగా ఊహించుకునే అవకాశం ఉంది.

హద్దుకు మరొకవైపు కూడా ఉంది. ఎల్‌టీఎస్‌లో అన్నీ గడ్డకట్టి ఉండవు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఎల్‌టీఎస్‌లో సైతం ఎప్పటికప్పుడు కొత్తదే వస్తుంది. కొత్త హార్డ్‌వేర్‌ను గుర్తించడానికి కావలసిన కెర్నల్, గ్రాఫిక్స్ భాగాలను మధ్యంతర విడుదలల నుండి తెచ్చి ఎల్‌టీఎస్‌కు అందించే ఏర్పాటు 12.04 కాలం నుండి అమలులో ఉంది. 2024 ఏప్రిల్‌లో 6.8 కెర్నల్‌తో వెలువడిన 24.04 ఎల్‌టీఎస్, మరుసటి ఏడాది 24.04.2 నాటికి 6.11 కెర్నల్‌ను అందుకున్నది. 'కొత్త ల్యాప్‌టాప్ కొన్నాం కాబట్టి ఎల్‌టీఎస్ పనికిరాదు' అనే వాదం ఈ ఏర్పాటు వల్ల చాలావరకు బలహీనపడింది.

5. నూతన విడుదలలు – ప్రయోగశాల పాత్ర:

మధ్యంతర విడుదలలు ఎల్‌టీఎస్‌కు ప్రయోగశాలల వంటివి. 2017 అక్టోబరులోని 17.10 విడుదల దీనిని స్పష్టంగా చూపుతుంది. అందులో ఉబుంటు తన యూనిటీ డెస్క్‌టాప్‌ను వదిలి గ్నోమ్‌కు మారింది. తెరపై దృశ్యాలను చిత్రించే పాత ఎక్స్ విధానం స్థానంలో వేలాండ్‌ను ముందుంచింది. ఆరు నెలల అనుభవం తరువాత 18.04 ఎల్‌టీఎస్‌లో గ్నోమ్‌ను నిలుపుకొని, వేలాండ్ విషయంలో వెనక్కి తగ్గింది. అంతర్జాల సమావేశాల్లో తెరను పంచుకోవడం, దూరం నుండి డెస్క్‌టాప్‌ను నడపడం, డెస్క్‌టాప్ కుప్పకూలినప్పుడు తెరిచి ఉన్న పని పోకుండా కోలుకోవడం అనే మూడింటిలో ఎక్స్ మెరుగ్గా ఉన్నదని రూపకర్తలు కారణాలు చెప్పారు. వేలాండ్ మళ్లీ 21.04లో ముందుకు వచ్చి, 22.04 ఎల్‌టీఎస్‌లో అధిక భాగం కంప్యూటర్లకు స్థిరపడింది. అంటే 17.10 వాడుకరులు ఎదుర్కొన్న చిక్కులే 18.04 వాడుకరులను కాపాడాయి.

ప్రయోగానికి ఒక్కొక్కసారి మూల్యం ఎక్కువగా ఉంటుంది. అదే 17.10లోని కెర్నల్‌లో చేర్చిన ఒక డ్రైవర్ కారణంగా కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయోస్ దెబ్బతిన్నది. బయోస్‌లో చేసిన మార్పులు నిలవకపోవడం, యూఎస్‌బీ నుండి వ్యవస్థను ప్రారంభించలేకపోవడం దాని లక్షణాలు. 2017 డిసెంబరులో ఆ విడుదలను దింపుకోవలసిన పుట నుండే ఉపసంహరించి, ఆ డ్రైవర్‌ను తొలగించి, మరుసటి నెలలో 17.10.1గా తిరిగి అందించారు. ఇది సాఫ్ట్‌వేర్ దోషం హార్డ్‌వేర్ స్థాయికి చేరిన సందర్భం. 2025 అక్టోబరులో వచ్చిన 25.10లో ప్రాథమిక ఆదేశాల సముదాయాన్ని రస్ట్ భాషలో తిరిగి రాసిన రూపంతో ప్రవేశపెట్టారు. అందులోని తేదీ ఆదేశంలో ఉన్న ఒక దోషం వల్ల కొన్ని కంప్యూటర్లలో కొత్త సవరణల కోసం తనంతట తాను వెదికే ప్రక్రియ ఆగిపోయింది. ఆ దోషం త్వరగానే సవరణ పొందింది. కానీ సవరణలు వస్తున్నాయన్న నమ్మకంతో ఉన్న వాడుకరికి అవి రావడం లేదన్న సంగతి కొంతకాలం తెలియకపోవడం ఇక్కడ గమనింపదగినది.

2024 మార్చి 29న బయటపడిన 'ఎక్స్‌జెడ్' ఉదంతం ఈ చర్చలో మరింత కీలకం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌కు చెందిన 5.6.0, 5.6.1 ప్రతులలో, దూర ప్రవేశానికి దొంగదారి తెరిచే కోడ్‌ను ఎవరో ఉద్దేశపూర్వకంగా చొప్పించారు. దూరం నుండి లాగిన్ కావడానికి సుమారు అర సెకను అదనంగా పట్టడాన్ని గమనించి, ఆరా తీసిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు దానిని కనుగొన్నారు. అప్పటికి ఆ ప్రతులు డెబియన్ పరీక్షా శాఖల్లోకి, ఫెడోరా అభివృద్ధి శాఖలోకి, టంబుల్‌వీడ్ వంటి నిరంతర విడుదలల్లోకి చేరాయి. డెబియన్ స్థిర విడుదలకు గాని, వాడుకలో ఉన్న ఉబుంటు విడుదలలకు గాని చేరలేదు. తయారీలో ఉన్న 24.04 ఎల్‌టీఎస్‌కు సంబంధించిన బీటాను వారం రోజులు వాయిదా వేసి, అనుమానిత కాలంలో నిర్మించిన ప్యాకేజీలన్నింటినీ తిరిగి నిర్మించారు. కొత్త ప్రతి తన దగ్గరకు చేరేలోగా ఇతరులు దానిని పరిశీలించే వ్యవధి ఉండడమే స్థిర విడుదలకు ఇక్కడ లభించిన రక్షణ.

6. దీర్ఘకాలిక మద్దతుకు గల పరిమితులు:

పై ఉదాహరణలను మాత్రమే చూస్తే ఎల్‌టీఎస్ నిరపాయకరమన్న భావన కలుగుతుంది. దానికి విరుద్ధమైన ఉదాహరణలూ ఉన్నాయి. 2006 సెప్టెంబరులో డెబియన్ నిర్వాహకులు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో చేసిన ఒక చిన్న మార్పు వల్ల, యాదృచ్ఛిక సంఖ్యల ఉత్పత్తి పూర్తిగా బలహీనపడింది. ఒక్కో రకానికి 32,768 తాళపు చెవులు మాత్రమే పుట్టగలిగే స్థితి ఏర్పడింది. 2008 మే 13న ఈ సంగతి బయటపడేనాటికి అది డెబియన్ స్థిర విడుదలలోకి, మూడు వారాల క్రితమే వెలువడిన ఉబుంటు 8.04 ఎల్‌టీఎస్‌లోకి చేరిపోయింది. అంతకుముందరి 6.06 ఎల్‌టీఎస్ ఆ మార్పుకు పూర్వపుది కావడం వల్ల తప్పించుకున్నది. 'ఎల్‌టీఎస్' అనే ముద్ర దోషరాహిత్యానికి ప్రమాణం కాదని ఇది తెలుపుతుంది. అప్పుడే వెలువడిన ఎల్‌టీఎస్ ఆనాటికి నూతన విడుదలే. దానికి స్థిరత్వం కాలక్రమంలో వస్తుంది. ఒక ఎల్‌టీఎస్ నుండి మరొకదానికి మారమన్న సూచనను ఉబుంటు విడుదలైన నాడే చూపకుండా, కొన్ని నెలల తరువాత వచ్చే '.1' సవరణ విడుదల వరకు ఆపి ఉంచడానికి కారణం ఇదే.

రెండవ పరిమితి పరిశోధకులకు మరింత సన్నిహితమైనది. ఎల్‌టీఎస్ మార్పును తొలగించదు, కూడబెట్టి ఒక్కసారి అందిస్తుంది. ఆర్ భాషనే తీసుకుంటే, 18.04 ఎల్‌టీఎస్‌లో 3.4.4, 20.04 ఎల్‌టీఎస్‌లో 3.6.3 ప్రతులున్నాయి. ఈ రెంటి నడుమ, 2019 ఏప్రిల్‌లో వచ్చిన 3.6.0లో యాదృచ్ఛిక నమూనాలను ఎంచుకునే పద్ధతి మారింది. ఫలితంగా అదే ప్రోగ్రామును, అదే ప్రారంభ సంఖ్యతో రెండు వ్యవస్థల్లో నడిపితే వేర్వేరు నమూనాలు వస్తాయి. వెయ్యిమంది పాఠకుల జాబితా నుండి వందమందిని ఎంచి సర్వే చేసిన పరిశోధకుడు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చిన తరువాత ఆ వందమందినే తిరిగి రాబట్టలేడు. పాత పద్ధతిని కోరుకునే ఆదేశం ఉన్నది గాని, మార్పు జరిగిందని తెలిసినవారే దానిని వాడగలరు. ఇక 20.04 ఎల్‌టీఎస్ వెలువడిన మరునాడే, 2020 ఏప్రిల్ 24న, ఆర్ 4.0.0 విడుదలైంది. అందులో అక్షర దత్తాంశాన్ని వర్గీకృత దత్తాంశంగా తనంతట తాను మార్చే అలవాటును తొలగించారు. ఆ మార్పు 22.04 ఎల్‌టీఎస్‌కు మారినవారికి రెండేళ్ల తరువాత ఎదురైంది.

నిఘంటు నిర్మాణం, పదసూచికల తయారీ వంటి పనుల్లో ఇదే సమస్య మరో రూపంలో వస్తుంది. పదాలను అకారాది క్రమంలో అమర్చే నియమాలు జీలిబ్‌సి అనే మౌలిక గ్రంథాలయంలో ఉంటాయి. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సి 2.28లో ఈ నియమాలను విస్తృతంగా మార్చారు. 18.04 ఎల్‌టీఎస్‌లో ఉన్నది 2.27, 20.04లో ఉన్నది 2.31. పోస్ట్‌గ్రెస్ దత్తాంశ నిధులు పాత క్రమం ప్రకారం కట్టిన సూచికలను కొత్త క్రమం ప్రకారం వెదకడం వల్ల, ఉన్న పదం కూడా లేనట్లు సమాధానం వచ్చే ప్రమాదం ఏర్పడింది. వ్యవస్థను మార్చిన వెంటనే సూచికలను తిరిగి నిర్మించుకోవడమే దీనికి పరిహారం. మధ్యంతర విడుదలలను అనుసరించే వారికి ఇటువంటి మార్పులు విడివిడిగా వస్తాయి కాబట్టి కారణం పట్టుకోవడం తేలిక. రెండు ఎల్‌టీఎస్‌ల నడుమ గెంతిన వారికి అన్నీ ఒకేసారి వస్తాయి.

7. తెలుగు లిపి కోణం:

తెలుగు పాఠం తెరపై సరిగా కనిపించడానికి మూడు అంచెలు కలసి పనిచేయాలి. యూనికోడ్‌లో అక్షరానికి స్థానం ఉండాలి. ఫాంట్‌లో దానికి రూపం ఉండాలి. హల్లులను, గుణింతాలను, ఒత్తులను కూర్చే హార్ఫ్‌బజ్ వంటి సాఫ్ట్‌వేర్ ఆ అక్షరాన్ని గుర్తించాలి. ఈ మూడూ ఒకే వేగంతో మారవు. పూర్వకాలపు తెలుగు రాతల్లో కనిపించే నకార పొల్లుకు, అన్యభాషా ధ్వనులను సూచించే నుక్తాకు యూనికోడ్‌లో స్థానం లభించింది 2021 సెప్టెంబరులో వెలువడిన 14.0లో. 2020 ఏప్రిల్‌లో విడుదలైన 20.04 ఎల్‌టీఎస్ రూపొందేనాటికి ఈ అక్షరాలకు స్థానమే లేదు. శాసనాలను, ప్రాచీన ప్రతులను పరిష్కరించే పరిశోధకునికి ఇది ఊహాజనితమైన సమస్య కాదు.

అయితే ఈ ఒక్క అవసరం కోసం వ్యవస్థనంతటినీ మార్చనక్కరలేదు. నకార పొల్లు వంటి స్వతంత్రాక్షరానికి దాని రూపం ఉన్న కొత్త ఫాంట్‌ను సొంత ఫోల్డరులో చేర్చుకుంటే చాలావరకు సరిపోతుంది. నుక్తా వంటి ఆశ్రితచిహ్నం విషయంలో అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్ కూడా దానిని గుర్తించాలి, లేకపోతే అది అక్షరంతో కలవక విడిగా నిలుస్తుంది. ఫైర్‌ఫాక్స్ తన హార్ఫ్‌బజ్‌ను తనతోనే తెచ్చుకుంటుంది. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ పద్ధతుల్లో లభించే అనువర్తనాలు కూడా తమకు కావలసిన గ్రంథాలయాలను వెంట తెచ్చుకుంటాయి. కాబట్టి పునాదిని ఎల్‌టీఎస్‌గా నిలుపుకొని, అవసరమైన ఒకటి రెండు అనువర్తనాలను మాత్రమే కొత్తవిగా వాడడం సాధ్యమే.

ఇక్కడ తెలుగు సమాజానికి ప్రత్యేకంగా సంబంధించిన ఒక విషయం ఉంది. ఎల్‌టీఎస్ విడుదలైన తరువాత అందులో మార్పు చేయడానికి ఉబుంటు కఠినమైన నియమాలు పాటిస్తుంది. దోషం తీవ్రమైనదని చూపాలి, దానిని పునరావృతం చేసే విధానం వివరించాలి, ప్రతిపాదిత సవరణను ఎవరైనా పరీక్షించి ధ్రువీకరించాలి, ఆపై కనీసం వారం రోజులు వేచి ఉండాలి. ఒక ఒత్తు తప్పు స్థానంలో కనిపించడం భద్రతాలోపం కాదు. దానిని పట్టించుకొని నివేదించేవారు లేకపోతే, ఆ తప్పు ఐదేళ్లపాటు ప్రతి తెలుగు వాడుకరి తెరపై నిలిచిపోతుంది. అందరూ ఎల్‌టీఎస్‌నే వాడి, మధ్యంతర విడుదలలను, బీటాలను తెలుగువారు ఎవరూ పరీక్షించకపోతే, తెలుగుకు సంబంధించిన దోషాలు ప్రయోగశాలలో కాక నేరుగా పనిచోటనే బయటపడతాయి. ఏప్రిల్ ఎల్‌టీఎస్‌కు కొత్త మార్పుల స్వీకరణ ఫిబ్రవరి చివరి ప్రాంతంలో ముగుస్తుంది. అంతకు ముందు నివేదించిన దోషానికి సవరణ పొందే అవకాశం ఎక్కువ. లోహిత్, పోతన 2000, వేమన 2000 వంటి ఫాంట్లలో ఒక ప్రామాణిక తెలుగు పుటను తెరిచి చూడడానికి ఒక వర్చువల్ మెషీన్, ఒక పూట సమయం చాలు. భాషాశాఖలు చేపట్టదగిన పని ఇది.

8. ఎంపిక ప్రమాణాలు:

పై చర్చ ఆధారంగా వాడుకరులను మూడు వర్గాలుగా పరిగణించవచ్చు.

8.1. పరిశోధకులు: సిద్ధాంత గ్రంథం రాస్తున్నవారికి ఎల్‌టీఎస్ తగినది. 2024 జూలైలో ప్రవేశం పొందిన పరిశోధకుడు గరిష్ఠంగా 2030 జూలై వరకు పనిచేస్తాడనుకుంటే, ప్రతి విడుదలనూ అనుసరించే పక్షంలో 12 సార్లు వ్యవస్థను మార్చుకోవలసి వస్తుంది. 24.04 ఎల్‌టీఎస్‌కు సాధారణ మద్దతు 2029 వరకు ఉంటుంది కాబట్టి, మిగిలిన కాలానికి ఉబుంటు ప్రోలో నమోదు కావచ్చు, లేదా ఒకసారి తరువాతి ఎల్‌టీఎస్‌కు మారవచ్చు. మారే సమయాన్ని పరిశోధకుడే నిర్ణయించుకోగలగడం ఇందులోని ప్రధానమైన లాభం. దత్తాంశ సేకరణకూ విశ్లేషణకూ మధ్య, లేదా ఒక అధ్యాయం సమర్పించిన తరువాత మారడం మేలు. మార్పుకు ముందు వాడిన సాఫ్ట్‌వేర్ ప్రతుల సంఖ్యలను నమోదు చేసుకోవడం, చిత్తుప్రతులను పీడీఎఫ్ రూపంలో కూడా భద్రపరచడం అవసరం. వర్డ్ ప్రాసెసర్ ప్రతి మారితే తెలుగు పాఠంలో పంక్తుల విరుపు, దానితో పుటల సంఖ్య మారవచ్చు.

8.2. అధ్యాపకులు, ప్రయోగశాలలు: నలభై కంప్యూటర్లున్న ప్రయోగశాలలో దోషం వస్తే నష్టపోయేది నిర్వాహకుడు కాదు, పరీక్షకు కూర్చున్న విద్యార్థులు. ఇక్కడ ఎల్‌టీఎస్‌కు ప్రత్యామ్నాయం లేదు. సంస్థల అనుభవమూ దీనినే బలపరుస్తున్నది. కేరళ పాఠశాలల కోసం కైట్ సంస్థ రూపొందించే వ్యవస్థ ఉబుంటు ఎల్‌టీఎస్‌పై ఆధారపడినది. చెన్నైలోని సి-డాక్ రూపొందించిన బాస్ లైనక్స్‌కు డెబియన్ ఆధారం. కొత్త ఎల్‌టీఎస్ ఏప్రిల్‌లో వచ్చినా, '.1' సవరణ వెలువడే వరకు ఆగి, ఒక కంప్యూటర్‌లో పాఠ్యప్రణాళికలోని ప్రయోగాలన్నింటినీ నడిపి చూసి, తరువాతి వేసవి సెలవుల్లో అన్నింటికీ మార్చడం సముచితం. ఐదేళ్ల మద్దతు ఉండగా ఒక ఏడాది ఆలస్యం వల్ల నష్టం లేదు.

8.3. సాఫ్ట్‌వేర్‌నే పరిశోధించేవారు: భాషాసాంకేతికత, లిపి ప్రదర్శన, యంత్ర సంబంధ పరిశోధన చేసేవారికి మధ్యంతర విడుదలలు అవసరం. వారికి కొత్త మార్పే పరిశోధనాంశం. అయినా వారి దత్తాంశం, రచనలు ఉండే కంప్యూటర్ వేరుగా ఉండడం క్షేమం. రెండవ కంప్యూటర్ లేనివారికి వర్చువల్ మెషీన్ ఆ లోటు తీరుస్తుంది.

9. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. స్థిరత్వం అంటే దోషాలు లేకపోవడం కాదు, మార్పు ఎప్పుడు రావాలో వాడుకరి నిర్ణయించుకోగలగడం.

2. ఎల్‌టీఎస్‌లోని పాత సంఖ్యలు భద్రతాలోపాన్ని సూచించవు. అయితే మద్దతు ఏ ప్యాకేజీలకు, ఎంతకాలం, ఏ షరతుపై లభిస్తుందో వాడుకరి స్వయంగా సరిచూసుకోవాలి.

3. ఎల్‌టీఎస్ మార్పును నివారించదు, వాయిదా వేస్తుంది. కనుక ఒక ఎల్‌టీఎస్ నుండి మరొకదానికి మారే సందర్భం పరిశోధన ఫలితాలను పునఃపరిశీలించవలసిన సందర్భం కూడా.

4. కొత్త అనువర్తనమో, కొత్త అక్షరమో, కొత్త హార్డ్‌వేరో అవసరమైనంత మాత్రాన వ్యవస్థనంతటినీ కొత్తదిగా మార్చనక్కరలేదు. పునాదిని నిలిపి, అవసరమైన భాగాన్నే మార్చే మార్గాలున్నాయి.

5. మధ్యంతర విడుదలలను పరీక్షించేవారి శ్రమ ఫలితమే ఎల్‌టీఎస్ వాడుకరి అనుభవించే ప్రశాంతత. పనిచేసే కంప్యూటర్‌లో ఎల్‌టీఎస్‌ను నిలుపుకొంటూనే, పరీక్షించే పనిలో తెలుగు విభాగాలు తమ వంతు భాగాన్ని స్వీకరించడం తెలుగు పాఠం ప్రతి తెరపై సరిగా కనిపించడానికి అవసరం.